బోన్సాయ్ ఆకు రాలుస్తోందా? ముందు వేళ్ళు చూడండి

ముచ్చటపడి పెంచుకున్న బోన్సాయ్ ఉన్నట్టుండి ఆకులు రాల్చడం మొదలుపెడితే కాలూ చెయ్యీ ఆడదు. చాలామంది వెంటనే ఓ చెంబుడు నీళ్ళు ఎక్కువ పోస్తారు, గుప్పెడు ఎరువు వేస్తారు, కుండీని గదిగదికీ తిప్పుతారు. జబ్బుమనిషికి ఒకేరోజు నలుగురు డాక్టర్ల మందులూ మింగించినట్టన్నమాట!

అసలు రాలిన ప్రతి ఆకూ జబ్బుకు గుర్తు కాదు. రావి, జువ్వి లాంటివి ఏటా ఓసారి ఆకు దులిపి కొత్త చిగురు వేస్తాయి. కుండీలో ఉన్నా వాటి అలవాటు వాటిదే. కాబట్టి ఫిబ్రవరి, మార్చి నెలల్లో మీ రావి బోన్సాయ్ బోసిపోతే కంగారు పడకండి. కొమ్మల చివర మొగ్గలు గట్టిగా, నిండుగా ఉన్నాయేమో చూసి ఊరుకోండి. అలాకాక పచ్చగా కళకళలాడాల్సిన వానాకాలంలో ఆకు పసుపెక్కి రాలుతుంటే మాత్రం ఆలోచించాల్సిందే.

విజయవాడలో మా వీధి చివర ఉండే పిన్నిగారు కిందటేడు శ్రావణమాసంలో ఓ సాయంత్రం ఫైకస్ బోన్సాయ్‌ని ఒళ్ళో పెట్టుకుని ఆటోలో మా ఇంటికి వచ్చారు. 22 ఏళ్ళ కిందట బాబాయిగారు కడియం నర్సరీల్లో వేలెడంత మొక్కగా కొని, తీగ చుట్టి, కత్తిరించి తీర్చిదిద్దిన చెట్టది. ఆయన పోయి అప్పటికి ఎనిమిది నెలలు. డాబా మీదుండే చెట్టును పిల్లలు హాల్లో ఆయన ఫొటో పక్కకి మార్చారట. సరిగ్గా దాని పైనే ఏసీ. పిన్నిగారేమో పొద్దున ఓసారి, సాయంత్రం దీపం పెట్టేటప్పుడు ఓసారి మర్చిపోకుండా నీళ్ళు పోస్తున్నారు.

"ఇదీ వెళ్ళిపోయేట్టుందే అమ్మాయ్" అన్నారు. నాకు వెంటనే మాట రాలేదు.

ఇలాంటప్పుడు మొదట తేల్చుకోవాల్సింది చెట్టులో ప్రాణం ఉందా లేదా అని. కొమ్మ బెరడును గోరుతో కొద్దిగా గీరండి. కింద పచ్చగా ఉంటే బతికున్నట్టే. మర్రి, ఫైకస్ జాతికైతే పాలు కూడా ఊరతాయి. గోధుమరంగులో పొడిగా ఉంటే ఆ మేరకు ఎండిపోయినట్టు. చివరల నుంచి మొదలుపెట్టి కాండం దాకా అక్కడక్కడా గీరి చూడాలి. పిన్నిగారి చెట్టుకి రెమ్మలు చాలావరకు ఎండినా, కాండం దగ్గర పచ్చగానే ఉంది. సన్నగా ఓ పాలబొట్టు కనిపించింది. అది చూశాకే ఆవిడ కుర్చీలో కూర్చున్నారు.

తర్వాత మట్టి సంగతి. ఓ చీపురుపుల్ల కుండీలో లోతుగా గుచ్చి, పది నిమిషాలాగి తీయండి. తడిగా, మట్టి అంటుకుని వస్తే ఇక నీళ్ళు వద్దు. పైమట్టి పొడిగా కనిపించినా సరే! నీళ్ళు చాలకపోతే ఆకు పెళుసుబారి, నలిపితే పొడవుతుంది. ఎక్కువైతే పసుపెక్కి మెత్తగా రాలుతుంది, మట్టి ముక్కవాసన వేస్తుంది.

ఈ చెట్టు మట్టి అలాగే వాసన వేసింది. కుండీలోంచి తీస్తే సగం వేళ్ళు నల్లబడి, పట్టుకుంటే తోలు ఊడి వస్తున్నాయి. వేళ్ళకి నీళ్ళతోపాటు గాలీ కావాలి. అడుగు రంధ్రం పూడుకుపోయి నీళ్ళు నిలిస్తే గాలి అందక కుళ్ళుతాయి. కుళ్ళిన వేరు నీళ్ళు పీల్చలేదు. అంటే నీళ్ళలో ఉండి కూడా చెట్టు దాహంతో అల్లాడుతుంది. వాడింది కదా అని మరికాస్త పోస్తే అంతే సంగతులు. పైగా ఆకులు రాలిన చెట్టుకి నీళ్ళ ఖర్చు తక్కువ. ఈ ఒక్క మాట గుర్తుంటే సగం చెట్లు దక్కుతాయి.

స్పిరిట్‌తో తుడిచిన కత్తెరతో నల్లటి వేళ్ళన్నీ, గట్టిభాగం వచ్చేదాకా కత్తిరించాను. బఠాణీ గింజంత ఇటుకముక్కలు రెండు పాళ్ళు, ముతక ఇసుక ఒక పాలు, బాగా మాగిన ఆకుఎరువు ఒక పాలు కలిపాను. ఇటుకా ఇసుకా జల్లించి దుమ్ము పారేయడం ముఖ్యం, ఆ దుమ్మే మళ్ళీ రంధ్రాలు పూడుస్తుంది. పళ్ళెంలాంటి కుండీ పక్కన పెట్టి మామూలు మట్టికుండీలో నాటాను. కదిలితే కొత్త వేళ్ళు తెగుతాయి కనుక తీగతో కుండీకి కట్టాను. నీళ్ళు అడుగు నుంచి కారేదాకా ఒక్కసారి పోసి, వెలుతురున్న నీడలో ఉంచాను. పైన వదులుగా పాలిథిన్ కవరు. రోజూ కాసేపు అది తీసి గాలి తగలనివ్వాలి.

వేళ్ళు బాగానే ఉంటే మాత్రం ఈ ఆపరేషన్ జోలికి పోవద్దు. ఏసీ గాలి, చాలని వెలుతురు, చోటు మార్పు... ఫైకస్ అలగడానికి వీటిల్లో ఏదైనా చాలు. ఆకుల అడుగున సన్నటి గూడు కనిపిస్తే ఎర్రనల్లి. తెల్లటి దూదిలా ఉంటే పిండినల్లి. లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త కుంకుడురసం కలిపి సాయంత్రంపూట చల్లండి.

"ఇంత చిన్న చెట్టు ఎన్నాళ్ళుంటుందే?" అని అడిగారు పిన్నిగారు. అమెరికాలో, వాషింగ్టన్‌లోని బోన్సాయ్ మ్యూజియంలో 1625 నుంచి కుండీలో పెరుగుతున్న పైన్ చెట్టుందని చెప్పాను. 1945లో హిరోషిమాపై అణుబాంబు పడ్డప్పుడు అది అదే ఊళ్ళో యమాకీ కుటుంబం దగ్గరుంది, బతికి బట్టకట్టింది. 1976లో వాళ్ళే దాన్ని అమెరికాకి కానుకగా ఇచ్చారు. పిన్నిగారు ఏమీ అనలేదు గానీ, ఆరోజు నుంచి రోజూ వచ్చి చూసి వెళ్ళేవారు.

అయిదో వారంలో సూదిమొనలాంటి మొగ్గ కనిపించింది. బాబాయిగారికి ఇష్టమైన ఎడమకొమ్మ మాత్రం దక్కలేదు. పిన్నిగారు వద్దన్నారని రెండు నెలలాగాను. మళ్ళీ గీరి, పచ్చదనం లేదని ఆవిడకే చూపించి కోశాను. ఆ పుల్లను కొంగులో చుట్టుకుని ఇంటికి తీసుకెళ్ళారు.

కొత్త ఆకులు ముదిరాకే ఎరువు. అదీ వేరుశనగచెక్క నానబెట్టిన నీళ్ళు బాగా పల్చగా, నెలకోసారి. మిగతా కాలమంతా డాబా మీద గ్రీన్ నెట్ కింద ఉంచి, మెల్లగా పొద్దుటి ఎండకి అలవాటు చేయాలి. కొత్త వేళ్ళు కుండీ నిండా అల్లుకునేదాకా తీగ చుట్టకూడదు, పాత పళ్ళెంలోకి మార్చకూడదు. "ఆ నీలం పళ్ళెంలో ఎప్పుడు పెడతావే?" అని పిన్నిగారు అడుగుతూనే ఉన్నారు. ఇంకా కాదని నేను చెబుతూనే ఉన్నాను.