మాత్రతోడ గ్లైసిను

స్కిజోఫ్రీనియా యను మనోవ్యాధిలో మాత్రలవలన భ్రమలును, లేని మాటలు వినబడుటయు చాలమందికి తగ్గును. కాని యెవరితోను మాటాడకుండుట, దేనియందును ఉత్సాహము లేకుండుట తఱచుగా నిలిచిపోవును. బిడ్డ యిట్లు మూల గూర్చుండగా, క్రొత్త మందు పేరు వినిన తల్లి యాశపడుట సహజమే.

అట్టి యాశలలో గ్లైసిను ఒకటి. ఇది మన యాహారములోని మాంసకృత్తులయందుండు ఎమినో ఆమ్లము. మెదడులో గ్లూటమేటు చేయు పనికి తోడ్పడును. కావున మాత్రతోడ దీని నిచ్చిన నిరుత్సాహము తగ్గునని వైద్యులు తలంచిరి. 1990 తరువాతి చిన్న పరీక్షలు కొన్ని యాశ గొలిపినవి. కాని 2007లో ప్రకటింపబడిన పెద్ద పరీక్షలో, అమెరికా, ఇజ్రాయెలు దేశములందు 157 మంది రోగులను మూడు జట్లు చేసి 16 వారములు చూడగా, గ్లైసిను మందులేని పొడికంటె నెక్కువ మేలు చేయలేదని తేలెను.

సోదరీమణులారా! మీ యాశను చెఱచుటకు మేమిది వ్రాయలేదు. పొడిడబ్బా కొనుటకు ముందు వైద్యునకు చూపుడు. దానిని నమ్మి యసలు మాత్రను మాన్పింపకుడు. మాన్పినచో వ్యాధి తిరుగబెట్టవచ్చును. మాటాడని బిడ్డను సోమరి యనకుడు. ఆ మౌనమును వ్యాధిలో భాగమే.