పాట వెనుక రొద

హైదరాబాదు నగరమునందలి అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతములు నేడు మిక్కిలి సందడిగల ప్రదేశములు. 2017 నవంబరునుండి అమీర్‌పేట మీదుగా మెట్రో రైళ్లు నడచుచున్నవి. సందులలో స్తంభమునుండి స్తంభమునకు కేబులు తీగలు వ్రేలాడుచుండును. అయినను తాతలనాటి వాల్వు రేడియోలను, రికార్డు ప్లేయర్లను భద్రముగా కాపాడుకొనువారు ఇచ్చట నేటికిని కలరు. నిజాము కాలమున వెలసిన దక్కన్ రేడియో 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో చేరినది. ఆ తరమువారు పాటలు వినిన పెట్టెలివి.

ఇట్టి పెట్టె మీట నొక్కినచో, ఒక్కొక్కప్పుడు పాటతోపాటు ‘గుంయ్’ మను రొద వినవచ్చును. ముసలి యంత్రమునకు ఇది సహజమని పలువురు తలంతురు. కాని కారణము లేక రొద పుట్టదు.

మన యిండ్లకు వచ్చు విద్యుత్తు సెకనునకు 50 మారులు అటునిటు ఊగుచుండును. ఆ తీగల చుట్టును దాని ప్రభావము వ్యాపించును. రికార్డుపై నడచు ముల్లునుండి వచ్చు విద్యుత్తు వోల్టులో కొన్ని వేయవవంతులు మాత్రమే. దానిని మోయు సన్నని తీగ కరెంటు తీగకు ప్రక్కగా నున్నచో, ఆ ఊపు దీనిలో ప్రవేశించును. ఆంప్లిఫయరు పాటను పెంచునట్లే రొదను గూడ పెంచును. కావున పాటను మోయు తీగకు లోహపు అల్లికతో కవచముండవలెను. రెండు తీగలను దూరముగా నుంచవలెను. దాటింపక తప్పనిచో అడ్డముగా దాటింపవలెను.

రెండవ కారణము ఎర్తుల కలయిక. నేడు కొందరు పాత ఆంప్లిఫయరును టెలివిజనుకు కలుపుదురు. ఆంప్లిఫయరుకు ఇంటి ఎర్తు ఉండును; కేబులు తీగ పైకవచమునకు వీధిలో మరియొకచోట ఎర్తు ఉండవచ్చును. ఈ రెండింటి నడుమగల స్వల్పభేదమువలన కవచముగుండ చిన్న విద్యుత్తు పారి, రొదయగును. కేబులు తీగను ఊడదీసి చూచిన రొద ఆగినచో, కారణమిదియే. ఐసొలేటరు అను చిన్న సాధనమును ఆ తీగ నడుమ అమర్చినచో లోహసంబంధము తెగును. బొమ్మ మాత్రము వచ్చుచునే యుండును.

మూడవది కండెన్సరుల వార్ధక్యము. ఊగుచున్న విద్యుత్తును నిలుకడగా చేయు కండెన్సరులలోని ద్రవము ఏండ్లు గడచినకొలది ఎండిపోవును. అప్పుడు సాధారణముగా సెకనునకు 100 ఊపులుగల రొద వినవచ్చును. దీనిని గుర్తించుటకు సులభోపాయము కలదు. శబ్దమును తగ్గించు మీటను పూర్తిగా త్రిప్పవలెను. రొదయు తగ్గినచో దోషము బయటి తీగలలో నుండవచ్చును. తగ్గనిచో పెట్టెలోపల నున్నదని ఊహింపవచ్చును.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. కొందరు ప్లగ్గులోని ఎర్తు తీగను త్రెంపివేయుదురు. రొద వెంటనే ఆగును. కాని రక్షణయు పోవును. తరువాత ఎన్నడైన లోపలి తీగ పైపూత చెడి లోహభాగమునకు తగిలినచో, 230 వోల్టుల విద్యుత్తు పెట్టె అంతట వ్యాపించును. తాకినవారి ప్రాణమునకే ముప్పు. వాల్వు యంత్రములలో 200 వోల్టులకు మించిన విద్యుత్తు ఉండును; ప్లగ్గు తీసిన పిదపను కండెన్సరులలో కొంత నిలిచియుండును. కావున విద్యార్థులు మీట ఆర్పి, ప్లగ్గు తీసి, బయటి తీగలను సవరించుటవరకే పూనుకొనవలెను. మూత విప్పు పనిని అనుభవముగల మెకానికునకు విడువవలెను.

రొదను అణచుట వేరు, దాని కారణమును తొలగించుట వేరు. ఒక్కొక్క తీగను వేరుచేసి ఓపికతో పరీక్షించువాడు పాటను నిలుపుకొనును. తొందరపడి ఎర్తును త్రెంపువాడు ఇంటిలో ఆపదను నిలుపుకొనును.