గాలి లెక్కలు కావు, గాలికి లెక్కలు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం మీద విరుచుకుపడింది. అప్పుడు ఊరికి దూరంగా ఉన్న మన వాళ్ళను ఎవరిని అడిగినా చెప్పేది ఒకటే మాట: ఎన్నిసార్లు చేసినా ఫోన్ కలవలేదు. సెల్ టవర్లు పడిపోయినా, కరెంటు పోయినా ఒక బ్యాటరీ, ఒక చిన్న సెట్, ఒక తీగ ఉంటే కబురు అందించగలిగేవాళ్ళు హామ్ రేడియోవాళ్ళు. 2004 డిసెంబరు సునామీలో అండమాన్ నుంచి క్షేమసమాచారాలు బయటికి రావడానికి సాయపడింది కూడా వాళ్ళే. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో బృందం ఆ సమయానికి పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉంది.

అందుకే హామ్ లైసెన్సు తెచ్చుకున్న మా తమ్ముడు విశాఖలో నాన్నగారి మేడ మీద టవర్ ఎత్తుతానంటే అందరం సంతోషించాం. తర్వాత వాట్సాప్‌లో వాడు పంపిన కొలతలు చూశాను: మేడ మీద 10 మీటర్ల టవర్, పైన చదరపు మీటరు వైశాల్యమున్న యాగీ యాంటెనా. కింద అమ్మా నాన్నా ఉండే ఇల్లు. బీయస్సీలో చదివిన ఫిజిక్స్ డేరా ఫ్లాట్‌లో వంటింటి పక్కన కూర్చుని మళ్ళీ తీయాల్సి వచ్చింది. గల్ఫ్ నుంచి ఇంటికి డబ్బు పంపి ఇలాంటి పని చేయించాలనుకునేవాళ్ళు ఇంకా ఉంటారు కాబట్టి ఆ లెక్క ఇక్కడ రాస్తున్నాను.

బరువు కాదు, గాలి

"యాంటెనా పాతిక కిలోలు కూడా లేదక్కా, ఏమవుతుంది?" అన్నాడు తమ్ముడు. టవర్‌ని పడగొట్టేది యాంటెనా బరువు కాదు, దాన్ని పక్కకు తోసే గాలి. గాలి వేగం రెట్టింపైతే తోపుడు రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. గంటకు 90 కిలోమీటర్ల గాలి చదరపు మీటరు మీద సుమారు 38 కిలోల బలంతో నెడితే, 180 కిలోమీటర్ల గాలి సుమారు 150 కిలోల బలంతో నెడుతుంది.

ఈ 180 నేను ఊహించిన అంకె కాదు. కట్టడాల మీద గాలి భారానికి మన దేశంలో ఐఎస్ 875 మూడో భాగం అనే ప్రమాణం ఉంది. అందులో విశాఖపట్నానికి ఇచ్చిన ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. హైదరాబాద్‌కు 44 మీటర్లు. తేడా ఆరే కదా అనిపిస్తుంది. కానీ వర్గం చేసి చూస్తే విశాఖలో తోపుడు దాదాపు 30 శాతం ఎక్కువ. హైదరాబాద్‌లో స్నేహితుడి ఇంటి మీద నిలబడ్డ డిజైన్‌ని తెచ్చి కోస్తాలో పెట్టకూడదనేది ఇందుకే. ఎత్తు పెరిగేకొద్దీ గాలి ఇంకా పెరుగుతుంది. టవర్ కడ్డీలు కూడా గాలిని పట్టుకుంటాయి. ఇవన్నీ కలపాలి.

డేరా తాళ్ళు

మన భాషలో డేరా అంటే గుడారం. గుడారానికి తాళ్ళు ఎందుకు కడతారో టవర్‌కి గై వైర్లు కట్టేదీ అందుకే: పక్కకు తోసే బలాన్ని నేలలోకి దింపడానికి. మూడు వైపులా సమానమైన ఎడంతో కడతారు. టవర్ మొదలు నుంచి తీగ కట్టే చోటికి దూరం టవర్ ఎత్తులో 80 శాతం దాకా ఉండటం మంచి పద్ధతి.

మా ఇంటి లెక్కే చూడండి. 10 మీటర్ల ఎత్తులో 150 కిలోల తోపుడు, దాన్ని ఒకే తీగ ఆపుతోందనుకుందాం. తీగను 8 మీటర్ల దూరంలో కడితే దాని మీద లాగుడు 240 కిలోలు. మేడ మీద అంత చోటు లేదని 3 మీటర్లలోనే కడితే లాగుడు 520 కిలోలు దాటుతుంది. అంతేకాదు, ఆ తీగ టవర్‌ని 500 కిలోల బలంతో కిందికి నొక్కుతుంది. ఆ నొక్కుడు పడేది స్లాబు మీద. తీగ రెండో కొస కట్టిన పిట్టగోడ మీద పడేది పైకి, లోపలికి లాగే బలం. పిట్టగోడ ఇటుకగోడ, లాగుడు తట్టుకోవడానికి కట్టింది కాదు. స్లాబు మధ్యలో కాకుండా పిల్లర్ నెత్తిన టవర్ నిలబెట్టడం, తీగలను బీములకు బిగించడం వంటివి స్ట్రక్చరల్ ఇంజనీరు చూసి చెప్పాల్సిన విషయాలు. మేస్త్రీ అనుభవం గొప్పదే, కానీ ఈ పనికి అది చాలదు.

టవర్ పైన యాంటెనా బిగించే మాస్ట్‌కి నీళ్ళ పైపు వాడటం మరో మామూలు అలవాటు. నీళ్ళ పైపు లోపలి పీడనానికి చేసింది, వంగకుండా నిలబడటానికి కాదు. యాంటెనాను టవర్ కొసకు ఎంత దగ్గరగా బిగిస్తే మాస్ట్ మీద వంపు అంత తక్కువ. కోస్తా ఉప్పుగాలికి అన్నీ గాల్వనైజ్ చేసినవే ఉండాలి. ఏడాదికోసారి, తుపాను కాలానికి ముందు బోల్టులు, తీగలు చూడాలి.

ఎక్కే మనిషి

టవర్ పనిలో ప్రాణాలు పోయేది చాలాసార్లు ఎక్కేటప్పుడే. నడుముకు మాత్రమే కట్టే బెల్టు చాలదు, ఒంటినంతా పట్టే హార్నెస్ కావాలి. దానికి రెండు కొక్కేల తాళ్ళుండాలి. ఒకటి విప్పేటప్పుడు రెండోది తగిలించి ఉండాలి. పైన మనిషి ఉండగా గై తీగ విప్పకూడదు. విప్పక తప్పకపోతే ముందు తాత్కాలిక తీగ కట్టాలి. కింద ఎవరూ నిలబడకూడదు. పైన మనిషి ఉన్నంతసేపు ప్రసారం సెట్ ఆపి, తాళం వేయాలి. టవర్ ఏ వైపు పడినా కరెంటు తీగలను తాకనంత దూరం ఉండాలి. పిడుగుకు టవర్ కాళ్ళను ఎర్తింగ్ రాడ్లకు కలిపి, వాటిని ఇంటి ఎర్తింగ్‌తో కూడా కలపాలి.

ఇక్కడ ఉన్నవాళ్ళకు

డేరాలో అద్దె ఫ్లాట్లలో ఉండే మనకు మేడ మనది కాదు. షమాల్ గాలి వీచే ఊళ్ళో, కింద జనం నడిచే వీధుల మీద టవర్ అనే ఆలోచనే వద్దు. యూఏఈలో హామ్ లైసెన్సు టెలికాం నియంత్రణ సంస్థ టీడీఆర్‌ఏ ద్వారా రావాలి. అనుమతి లేకుండా ప్రసారం చేస్తే నేరం. ఎమిరేట్స్ అమెచ్యూర్ రేడియో సొసైటీ ఇక్కడి హామ్‌ల సంఘం. లైసెన్సు వచ్చాక చలికాలంలో ఎడారికి వెళ్ళి, 14 మెగాహెర్ట్జ్‌కి సుమారు 10 మీటర్ల తీగను తేలికపాటి కర్రకు కట్టినా ఖండాలు దాటి మాట్లాడొచ్చు.

ఇక ఇండియాలో టవర్‌కి డబ్బు పంపేముందు నాలుగు ప్రశ్నలకు కాగితం మీద జవాబులు అడగండి. మా ఊరికి ఏ గాలి వేగం తీసుకున్నారు? యాంటెనాది, టవర్‌ది కలిపి గాలికి ఎదురయ్యే వైశాల్యమెంత? ఆ భారం స్లాబులో ఎక్కడ దిగుతుంది? తీగలు దేనికి బిగిస్తున్నారు? నాలుగూ రాసి, సంతకం పెట్టి ఇచ్చే ఇంజనీరు దొరికాకే ఇనుము కొనమని చెప్పండి. అప్పటిదాకా పెరట్లో రెండు కొబ్బరిచెట్ల మధ్య కట్టిన తీగ చాలు. తుపాను రోజున కబురు అందించడానికి అదీ పనికొస్తుంది.