పాత పొయ్యి: తక్కువ కట్టె, ఎక్కువ వేడి

నరసాపురమునకు చేరువగా, సముద్రతీరమున నున్న మొగల్తూరు ప్రాంతమున కొబ్బరి మట్టలకును సరుగుడు కట్టెలకును కొదువ లేదు. వంటగ్యాసు వచ్చిన తరువాతను దొడ్డిలోని మట్టిపొయ్యి అనేక గృహములలో చల్లారలేదు. స్నానమునకు నీళ్ళు కాచుటకు, శుభకార్యముల వంటకు దానినే వెలిగింతురు. ఊరకే దొరకు మట్టలు ఎన్ని కాల్చిననేమి యని తోచవచ్చును. కాని వృథాగా కాలిన కట్టెకు మూల్యము చెల్లించునవి పొయ్యి ముందు కూర్చున్న ఇల్లాలి కన్నులు, ఊపిరితిత్తులు.

సామాన్యపు మట్టిపొయ్యిలో పుట్టిన వేడియందు రమారమి పదవవంతు మాత్రమే గిన్నెకు చేరును. మిగిలినది ఏమగుచున్నది? కొంత గోడలు త్రాగును. కొంత సందులనుండి పారిపోవును. కొంత అసలు పుట్టనే పుట్టదు. ఈ చివరిదానిని గ్రహింపవలెను. కట్టె వేడెక్కగానే అందలి నీరు ఆవిరియగును. పిమ్మట మండు వాయువులు వెలువడును. వానికి తగినంత వేడియు గాలియు అందినచో మంటయగును, అందనిచో పొగయగును. పొగ యనగా కాలని కట్టెయే. కావున కట్టె పొదుపును, కంటికి సుఖమును చాలవరకు ఒకే పనివలన సిద్ధించును.

మొదటి పని కట్టెను ఎండించుట. కిలో పచ్చికట్టెలో 400 గ్రాముల నీరున్నదనుకొందము. తక్కిన 600 గ్రాముల కట్టె సుమారు 2,700 కిలోకేలరీల వేడినిచ్చును. ఆ నీరు ఆవిరియగుటకే సుమారు 240 కిలోకేలరీలు పోవును. గిన్నెకు దక్కు పదవవంతు 270. అనగా కట్టెలోని నీరు, గిన్నెతో సరిసమానముగా వేడిని తినుచున్నది! పైగా మంటను చల్లార్చి పొగను పెంచును. తొలకరికి ముందే కట్టెలను సన్నగా చీల్చి, ఎండనిచ్చి, చూరుక్రింద నేల తగులకుండ పేర్చుకొనవలెను.

రెండవది గాలి. బూడిదలో కూరుకొన్న కట్టెకు క్రిందినుండి గాలి అందదు. మూడు నాలుగు అంగుళముల ఎత్తున ఇనుప కమ్మీల జల్లెడ నమర్చి, దానిపై కట్టె నుంచి, క్రింది బూడిదను దినదినము తీసివేయవలెను. పొయ్యినోరు నిండ కట్టెలు కుక్కరాదు; కొనలు మాత్రము మండునట్లు కొంచెము కొంచెముగా లోనికి త్రోయవలెను.

మూడవది సందు. గిన్నెకును పొయ్యి అంచునకును నడుమ రెండంగుళముల ఖాళీ యున్నచో మంట ప్రక్కలకు పోవును. మట్టి మెత్తి దానిని చిటికెనవ్రేలి మందమునకు తగ్గింపవలెను. పూర్తిగా మూసినచో గాలి యాడక పొగ హెచ్చును. గోడలను మెత్తునపుడు మట్టిలో ఊక కలిపినచో మేలు. ఊక కాలిపోయినచోట చిన్న చిన్న ఖాళీలేర్పడి, వేడి బయటికి పోకుండ నిలుపును. గిన్నెపై మూత యుంచుట మరువరాదు.

మరి పొగగొట్టము మాటేమి? హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమునకు చెందిన ఎస్. పి. రాజుగారు పొగలేని వంటిండ్లను గూర్చి 1953లోనే ఒక గ్రంథము ప్రకటించిరి. 1983లో కేంద్ర ప్రభుత్వము మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమము నారంభించెను; అది 2002లో ముగిసెను. నాడు కట్టిన పొయ్యిలు అనేకము బీటలు వారియు, గొట్టములు మసితో పూడియు మూలబడినవి. గొట్టము పొగను ఇంటినుండి వెలుపలికి పంపును గాని తనంతట తాను కట్టెను పొదుపు చేయదు. లాగుడు మితిమీరినచో వేడిని గూడ వెంటగొనిపోవును. పొయ్యి ఒకసారి కట్టి విడుచునది కాదు. పగుళ్ళు మెత్తుచు, మసి దులుపుచు దానిని కాపాడుకొనవలెను.

ఎంత బాగుచేసినను మట్టిపొయ్యి గ్యాసుపొయ్యివలె శుభ్రమైనది కాదని మేము స్పష్టముగా చెప్పవలసియున్నది. పొగ కనబడని నిప్పులనుండియు ప్రాణాంతకమగు కార్బన్ మోనాక్సైడు వెలువడును. గాలి పారు పాకలోనే పొయ్యి యుంచుడు. తలుపులు మూసిన గదిలో నిప్పులుంచకుడు. పసిబిడ్డలను దూరముగా నుంచుడు.

ఈ మార్పుల ఫలితమును మీరే పరీక్షింపవచ్చును. మార్పునకు ముందొకనాడు, పిమ్మటొకనాడు, అదే గిన్నెలో అన్నే నీళ్ళు పోసి మరిగించుడు. రెండు దినములందును కట్టెను ముందుగా తూచుకొని, మిగిలినదానిని మరల తూచుడు. మా మాటకంటె మీ త్రాసు మాట నమ్మదగినది.