ఇంజను తిరుగుతోంది... కరెంటు ఏదీ?

జనరేటర్ ఇంజను జోరుగా తిరుగుతోంది. చప్పుడుంది, పొగ ఉంది. కానీ ఒక్క బల్బూ వెలగడం లేదు! నెలల తరబడి మూలపడి ఉన్న జనరేటర్లలో ఈ వింత జబ్బు తరచు కనిపిస్తుంది. ఒక్కోసారి విప్పి చూస్తే ఏ తీగా తెగి ఉండదు, ఏ భాగమూ అరిగి ఉండదు. మరి విద్యుత్తు ఎందుకు పుట్టలేదు?

అయస్కాంత క్షేత్రం మారుతూ ఉంటే, అందులో ఉన్న తీగచుట్టలో విద్యుత్తు పుడుతుందని 1831లో మైకేల్ ఫారడే కనుగొన్నాడని మీరు చదువుకునే ఉంటారు. ఆ మరుసటి సంవత్సరమే పారిస్‌లో హిపోలైట్ పిక్సీ శాశ్వత అయస్కాంతంతో, చేత్తో తిప్పే జనరేటర్‌ను తయారుచేశాడు. అయితే ఆనాటి శాశ్వత అయస్కాంతాలు బలహీనమైనవి. పెద్ద యంత్రాలకు విద్యుదయస్కాంతాలే కావాలి. చిక్కంతా ఇక్కడే వచ్చింది. విద్యుదయస్కాంతం పనిచేయాలంటే విద్యుత్తు ఉండాలి. విద్యుత్తు పుట్టాలంటే అయస్కాంతం ఉండాలి. చెట్టు ముందా, విత్తు ముందా?

ఇనుములో మిగిలిన ‘విత్తు’

1866-67 ప్రాంతంలో జర్మనీలో వెర్నర్ సీమెన్స్, ఇంగ్లండులో చార్లెస్ వీట్‌స్టన్, శామ్యూల్ వార్లీ ఎవరికి వారే ఈ చిక్కు విప్పారు. ఇనుమును ఒకసారి అయస్కాంతంగా మారిస్తే, విద్యుత్తును ఆపేసిన తరువాత కూడా అందులో కాస్త అయస్కాంతత్వం మిగిలిపోతుంది. దీనినే ‘అవశేష అయస్కాంతత్వం’ అంటారు. జనరేటర్ తిరగగానే ఈ మిగులు వల్ల కొద్ది ఓల్టులు పుడతాయి. ఆ విద్యుత్తును ఫీల్డు చుట్టలోకి పంపితే అయస్కాంతం బలపడుతుంది. దాంతో ఇంకొంచెం ఎక్కువ విద్యుత్తు పుడుతుంది. ఇలా ఒకదానినొకటి పెంచుకుంటూ కొద్ది క్షణాలలోనే పూర్తి ఓల్టేజి వస్తుంది.

ఆ మిగులు కాస్తా పోయిందనుకోండి. ఇంజను ఎంతసేపు తిరిగినా సున్నాను పెంచితే సున్నాయే కదా!

దీన్ని మీరే పరీక్షించవచ్చు. ఒక ఇనుప మేకు చుట్టూ పూత ఉన్న రాగి తీగను 50 చుట్లు చుట్టి, టార్చి సెల్లుకు కొన్ని క్షణాలపాటు కలపండి. తీగ వేడెక్కకముందే సెల్లు తీసేయండి. మేకు ఇంకా ఒకటి రెండు గుండుసూదులను పట్టుకుంటుంది. ఇప్పుడు దానిని సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టి చూడండి. పట్టు సడలుతుంది. దెబ్బలు, అధికమైన వేడి, వ్యతిరేక దిశలో ప్రవహించిన విద్యుత్తు, ఎక్కువ కాలం వాడకపోవడం... జనరేటర్‌లోనూ ఇవే అవశేష అయస్కాంతత్వాన్ని తగ్గిస్తాయి.

జబ్బును గుర్తించేదెలా?

అనుభవమున్న ఎలక్ట్రీషియన్ వెంటనే యంత్రాన్ని విప్పడు. ముందు దీపాలు, మోటార్లు అన్నింటినీ తప్పించి, బ్రేకర్ పడిపోయిందేమో చూస్తాడు. తరువాత వేగం. మన 50 హెర్ట్‌జ్ విద్యుత్తుకు రెండు ధ్రువాల జనరేటర్ నిమిషానికి 3000 సార్లు, నాలుగు ధ్రువాలది 1500 సార్లు తిరగాలి. వేగం మరీ తగ్గితే ఓల్టేజి పుంజుకోదు.

ఆ తరువాత ఓల్టుమీటరు. 230 ఓల్టులు ఇవ్వవలసిన యంత్రం రెండు మూడు ఓల్టులు చూపిస్తే, అవశేషం ఉన్నట్టే. లోపం దానిని పెంచే మార్గంలో ఉంది. అరిగిన కార్బన్ బ్రష్‌లు, మురికి పట్టిన స్లిప్ రింగులు, తెగిన ఫీల్డు చుట్ట, చెడిపోయిన రెగ్యులేటర్, వీటిని వరుసగా చూడాలి. మీటరు దాదాపు సున్నా దగ్గరే ఆగి, చుట్టలన్నీ బాగానే ఉంటే, అవశేషమే పోయిందన్నమాట.

మందు చాలా సులువు. రెగ్యులేటర్ తీగలు విడదీసి, ఫీల్డు చుట్టకు సరైన ధ్రువాలతో 12 ఓల్టుల బ్యాటరీని కొద్ది క్షణాలు కలుపుతారు. ఇనుము మళ్ళీ అయస్కాంతమవుతుంది. అయితే ఇది నిపుణుడి పని సుమా! ఇంజను తిరుగుతుండగా ప్రమాదకరమైన ఓల్టేజి హఠాత్తుగా రావచ్చు. మూసిన గదిలో ఇంజను నడిపితే రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. ఛేంజోవర్ స్విచ్చి లేకుండా ఇంటి వైరింగుకు కలిపితే విద్యుత్తు వీధి తీగల్లోకి ఎదురు ప్రవహించి లైన్‌మన్‌ను బలిగొనవచ్చు.

దేశానికీ ఇదే చిక్కు

పెద్ద విద్యుత్ కేంద్రాలకూ ఇటువంటి ఇబ్బంది ఉంది. 2012 జూలై 30, 31 తేదీలలో ఉత్తర భారతంలో గ్రిడ్ కుప్పకూలింది. రెండో రోజు తూర్పు, ఈశాన్య ప్రాంతాలూ చీకటిలో మునిగాయి. థర్మల్ కేంద్రాలు తమంత తాము తిరిగి మొదలుకాలేవు. వాటి పంపులకు, ఫ్యాన్లకు ముందు విద్యుత్తు కావాలి. జలవిద్యుత్ కేంద్రాల నుంచి, గ్రిడ్ నిలిచి ఉన్న పొరుగు ప్రాంతాల నుంచి కొద్దికొద్దిగా విద్యుత్తు అందించి వాటిని మేల్కొలిపారు. చిన్న జనరేటర్‌కు బ్యాటరీ చేసిన సాయమే, అక్కడ వాటికి ఆ కాస్త విద్యుత్తు చేసింది.