మిద్దె మీది నీటిమట్టం

ఆగస్టు వచ్చిందంటే పత్రికల్లో రోజూ శ్రీశైలం, సాగర్ నీటిమట్టాలు కనిపిస్తాయి. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు, సాగర్‌ది 590. ఎంత నింపాలి, ఎంత ఖాళీ ఉంచాలి అని అక్కడి ఇంజినీర్లు వేసుకునే ప్రశ్నే, మిద్దె తోటకు 200 లీటర్ల నీలం డ్రమ్ములో వాననీళ్లు పట్టుకునేవాళ్లకూ ఎదురవుతుంది. నిండుగా ఉన్న డ్రమ్ములోకి వచ్చిన వాన పొర్లిపోతుంది. ఖాళీ డ్రమ్ముతో బెట్టలో చిక్కుకుంటే వంగ, టమాటా మొక్కలు తలలు వాలుస్తాయి.

లెక్క తేలికే. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. మెట్ల గది స్లాబు 10 చదరపు మీటర్లు ఉంటే, 15 మిల్లీమీటర్ల వానకు 150 లీటర్లు. స్లాబు పీల్చుకున్నది, చింది పోయింది తీసేస్తే 120 దాకా గొట్టంలోకి దిగుతాయి. సుమారు 57 సెంటీమీటర్ల వెడల్పున్న డ్రమ్ములో ఒక్కో సెంటీమీటరు ఎత్తుకు దాదాపు రెండున్నర లీటర్లు పడతాయి. అంటే ఆ వానను పట్టుకోవాలంటే 48 సెంటీమీటర్ల ఖాళీ కావాలి. రేపు వాన ఉందని వాతావరణ శాఖ చెబితే ఇవాళ కుళాయి జోలికి పోకుండా డ్రమ్ము నీళ్లే వాడేయాలి. మిగిలితే కింద పెరట్లో కొబ్బరి చెట్టుకు వదలొచ్చు.

మూత తీసి తొంగిచూడక్కర్లేకుండా, మేస్త్రీలు మట్టం చూసుకునే పారదర్శక గొట్టాన్ని డ్రమ్ము అడుగున బిగించి పక్కనే నిలబెడితే చాలు. లోపలి మట్టమే గొట్టంలోనూ కనబడుతుంది. పక్కన సెంటీమీటర్లు గీసుకోవాలి. కుళాయిని అడుగు నుంచి 10 సెంటీమీటర్ల ఎత్తున పెడితే మడ్డి బయటికి రాదు. ఆ 25 లీటర్లను డెడ్ స్టోరేజీగా వదిలేయాల్సిందే.

డ్రమ్ము సగానికి పైగా ఖాళీ అయ్యాక చివరి కుండీకి నీళ్లు అందడం లేదని చాలామంది పైపులు విప్పి కడుగుతారు. చాలాసార్లు పైపులో ఏ దోషమూ ఉండదు. రంధ్రంలోంచి నీరు దూకే వేగం దానిపైన ఉన్న నీటి ఎత్తుకు వర్గమూలంలా మారుతుందని ఇటలీ శాస్త్రవేత్త టారిచెల్లి 1644లో అచ్చయిన గ్రంథంలో చూపించాడు. ఎత్తు నాలుగో వంతుకు పడితే వేగం సగమవుతుంది. అందుకే మొదటి మూడు వంతులు ఖాళీ కావడానికి ఎంతసేపు పడుతుందో, మిగిలిన ఆ ఒక్క వంతుకూ అంతసేపు పడుతుంది! డ్రమ్మును కుండీల కన్నా రెండడుగుల ఎత్తున దిమ్మె మీద పెడితే ఈ తేడా బాగా తగ్గుతుంది. కుళాయి పైన నీరు కొద్దిగానే మిగిలినా, పైపు కిందికి దిగిన ఎత్తు తోడై తోస్తుంది కనుక ధార మరీ నీరసించదు. నా మట్టుకు మోటారు కన్నా ఈ దిమ్మె మీద ఖర్చే మేలనిపిస్తుంది. కాకపోతే నిండిన డ్రమ్ము 200 కిలోల పైమాట. దాన్ని స్లాబు నడిమధ్యన కాక, కింద బీము ఉన్న చోటే నిలపాలి.

మట్టం ఎక్కుతూ దిగుతూ ఉండటంలో ఒక ప్రమాదం ఉంది. డెంగీని మోసే ఈడిస్ దోమ గుడ్లు పెట్టేది నీటిగీతకు కాస్త పైన, తడిసిన గోడ మీద. అవి ఎండిపోయినా నెలల తరబడి చావవు. వాన పడి మట్టం పెరిగి వాటిని ముంచగానే పొదుగుతాయి. వారం పది రోజుల్లో దోమలు లేస్తాయి. మూతకూ పొర్లుగొట్టానికీ సన్నని వల బిగించడం తప్పనిసరి. మట్టం దిగినప్పుడల్లా ఆ తడి పట్టీని కొబ్బరిపీచుతో గట్టిగా రుద్దాలి. నీళ్లు పారబోస్తే సరిపోదు, గుడ్లు గోడనే అంటుకుని ఉంటాయి.

మృగశిరలో తొలి జల్లు స్లాబు మీది దుమ్మును, పావురాల రెట్టలను మోసుకొస్తుంది. మొదటి రెండు బకెట్లు బయటికి వదిలేయాలి. జూలై, ఆగస్టుల్లో మట్టాన్ని సగం దగ్గర ఆడించవచ్చు. స్వాతి కార్తె దగ్గర పడ్డాక లెక్క తిరగబడుతుంది. తర్వాతి వాన మీద నమ్మకం లేదు కనుక అప్పుడు నిండుగానే ఉంచి, రోజుకు మూడు క్యాన్ల చొప్పున పొదుపుగా వాడుకోవాలి. అవి అయిపోయాక డ్రమ్మును లోపలంతా తోమి, ఎండబెట్టి, జూన్ దాకా బోర్లించాలి.