అడవిలో ఇప్ప, కడలిలో సొర: అపోహలు – వాస్తవాలు

బూర్గంపాడు దగ్గర కిన్నెరసాని గోదావరిలో కలుస్తుంది. ఆ నీళ్లు చివరికి చేరే బంగాళాఖాతంలో వేల్ షార్క్ అనే సొర తిరుగుతుంది. కిన్నెరసాని ఒడ్డున అడవిలో ఎటు చూసినా ఇప్పచెట్లే. సొర అంతరించిపోతోందని భయం, ఇప్పకేం కాదని ధీమా. రెండింటి మీదా అపోహలకు కొదవ లేదు.

అపోహ: సొరంటే మనిషిని మింగేదే.

వాస్తవం: వేల్ షార్క్ చేపలన్నిటిలోకీ పెద్దది, 12 మీటర్లు దాటి కూడా పెరుగుతుంది. తినేది మాత్రం నీటిలో తేలే సూక్ష్మజీవులు, చేపగుడ్లు, చిన్నాచితకా చేపలు. 2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి తీరానికి వచ్చి చిక్కుకున్న దాన్ని మత్స్యకారులు, అటవీ సిబ్బంది కలిసి తిరిగి సముద్రంలోకి పంపారు.

అపోహ: ఇప్పపువ్వు సారాకు తప్ప ఎందుకూ కొరగాదు.

వాస్తవం: ఇది మైదానం వాళ్లు వేసిన ముద్ర. గూడేల్లో పువ్వును ఎండబెట్టి దాచుకుంటారు, వేయించుకు తింటారు, లడ్డూలు చుడతారు. ఇప్ప పలుకు నుంచి నూనె తీస్తారు. సారా ఒక్కటే చూసినవాళ్లకు ఆకలి నెలల్లో ఆ పువ్వు నింపిన కడుపులు కనిపించవు.

అపోహ: సంతానం ఎక్కువైతే జాతికి ఢోకా లేదు.

వాస్తవం: 1995లో తైవాన్ దగ్గర దొరికిన ఒక ఆడ వేల్ షార్క్ కడుపులో 300 దాకా పిల్లలున్నాయి. అయినా 2016 నుంచి ఆ జాతి అంతరించే ముప్పున్న జాతుల జాబితాలో ఉంది. పిల్ల ఈడుకు రావడానికి పాతికేళ్లకు పైనే పట్టొచ్చు. ఆలోగా వలలు, ఓడల దెబ్బలు. మన దేశంలో 2001 నుంచి దాన్ని పట్టడం నేరం.

అపోహ: ఎక్కడ పడితే అక్కడ ఉన్న ఇప్పచెట్టు ఎక్కడికి పోతుంది?

వాస్తవం: పెద్ద మానుల్ని లెక్కపెట్టి లాభం లేదు, వాటి కింద మొలకలున్నాయా చూడాలి. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున పాలరంగు పువ్వులు రాలతాయి. కండగా, జిగటగా ఉండే ఆ పువ్వులు ఎండుటాకుల్లో కనబడవని చెట్టు కింద అగ్గి పెడతారు. ఆకులతోపాటు లేత మొక్కలూ మాడిపోతాయి. తర్వాత పలుకులు కూడా ఏరేస్తే కొత్త చెట్టు ఎక్కడినుంచి వస్తుంది? సొరకు చట్టం అండ ఉంది, ఇప్ప మొలకను కాచేది ఏరుకునే చెయ్యే.

పువ్వు ఏరేవాళ్లూ, అగ్గిపుల్ల గీయకండి. చెట్టు కింద పాత చీరో వలో పరవండి. పువ్వుకు మట్టి అంటదు, మొక్కా బతుకుతుంది.